7.4 కదలని బొమ్మకు కదలిక: స్టాప్ మోషన్ కళాకారుల పనిని చూడటం ఎలా?

వెనుకటి భాగంలో గీసిన బొమ్మల యానిమేషన్ గురించి చదివారు. ఇప్పుడు గీత అవసరం లేని యానిమేషన్‌కు వద్దాం. ఒక వస్తువును కొద్దిగా జరిపి ఒక ఫ్రేమ్, మరికొద్దిగా జరిపి ఇంకొక ఫ్రేమ్ తీస్తూ పోయి, వాటిని వరుసగా ప్రదర్శిస్తే ఆ వస్తువు తనంతట తానే కదిలినట్లు కనిపిస్తుంది. దీన్నే స్టాప్ మోషన్ అంటారు.

నిర్వచనం తేలికే. పని తేలిక కాదు. మీది చాట్రాయి అనుకోండి. తోటలో బల్ల మీద ఒక చిన్న రసం పండును ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో స్థితిని రెండేసి ఫ్రేములు తీసినా సెకనుకు 12 సార్లు, పది సెకన్లకు 120 సార్లు పండును జరపాలి. ఈలోగా ఆకుల సందుల్లోంచి పడే ఎండ మారుతుంది; తెర మీద వెలుగు మినుకు మినుకుమంటుంది. మోకాలు తగిలి బల్ల కదిలిందా, మళ్ళీ మొదటికి రావాలి. ఫోన్‌లో అయితే తప్పు వెంటనే కనిపిస్తుంది. పాతతరం వారికి ఫిల్మ్ కడిగి వచ్చేదాకా తెలిసేది కాదు.

మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ (1913) కంటే ముందే, గింజ మొలకెత్తి మొక్క కావడాన్ని రోజుల తరబడి ఫ్రేములుగా తీసి చూపారు. 1915లో అగ్గిపుల్లలను ఆడించారు.

ఈ కళకు పెద్ద పేరు తెచ్చినవాడు అమెరికాకు చెందిన విల్లిస్ ఒబ్రయన్. ‘కింగ్ కాంగ్’ (1933)లోని కోతి చాలా షాట్లలో సుమారు అడుగున్నర బొమ్మ. లోపల కీళ్ళున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు బొచ్చు. దాన్ని తయారుచేసిన మార్సెల్ డెల్గాడో పేరు కూడా గుర్తుంచుకోండి. ఆ బొచ్చు తెర మీద ఊరికే కదులుతూ ఉంటుంది. గాలికి కాదు, ప్రతి ఫ్రేముకూ బొమ్మను పట్టుకున్న వేళ్ళ జాడ అది. చాలామంది దాన్ని లోపమంటారు. నాకు మాత్రం చేతిపనికి అంతకు మించిన సాక్ష్యం కనిపించదు.

ఆ సినిమాను పదమూడేళ్ళ వయసులో చూసి ఈ వృత్తికి వచ్చిన రే హ్యారీహౌసెన్, ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ (1963)లో ఏడు అస్థిపంజరాల చేత ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేయించాడు. తల, రెండు చేతులు, రెండు కాళ్ళు: ఒక్కో బొమ్మకు ఐదు అవయవాలు, అంటే ఏడింటికీ కలిపి 35. ప్రతి ఫ్రేములో వీటన్నిటి స్థితినీ చూసుకోవాలి. పైగా బొమ్మ కత్తి అంతకుముందే చిత్రీకరించిన నటుడి కత్తికి సరిగ్గా తగలాలి. రోజుకు సగటున 13 ఫ్రేములు తయారయ్యేవి. అంటే అర సెకను పైచిలుకు. కొద్ది నిమిషాల ఆ ఘట్టానికి నాలుగున్నర నెలలు పట్టింది. మీరు దాన్ని చూసేటప్పుడు ‘నిజంలా ఉందా?’ అని మాత్రమే అడిగితే సగమే చూసినట్లు. దెబ్బ కొట్టే ముందు అస్థిపంజరం ఎలా వెనక్కి వంగుతుందో, బరువు ఏ కాలి మీద వేస్తుందో గమనించండి. అది నటన, కాకపోతే నటుడు కెమెరా ముందు లేడు.

ఇక్కడ మీకు ‘మాయాబజార్’ (1957) గుర్తుకు రావచ్చు. మన నూజివీడులోనే పుట్టిన ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడిగా కూర్చుంటే లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్తాయి. అది స్టాప్ మోషనేనా? ఒక పరీక్ష ఉంది. అదే ఫ్రేములో మనిషి సహజంగా, ఆగకుండా కదులుతున్నాడంటే, పక్కనున్న వస్తువును ఫ్రేము ఫ్రేముకూ ఆపి జరిపి ఉండరు. సన్నని తీగ, వెనక్కి తిప్పి చూపడం, విడివిడిగా తీసిన రెండు చిత్రాలను కలపడం వంటివి ఆలోచించాలి. మనిషి చటుక్కున మాయమైతే కెమెరాను ఆపి, అతన్ని తప్పించి, మళ్ళీ నడిపి ఉండవచ్చు. ఇది స్టాప్ మోషన్‌కు దగ్గరి చుట్టమే కాని, అదే కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పనిని మెచ్చుకోవడానికి దానికి వేరే పేరు అంటగట్టనక్కరలేదు.

అభ్యాసం: ‘మాయాబజార్’లోని ఏవైనా మూడు మాయా దృశ్యాలను శబ్దం తీసేసి రెండేసి సార్లు చూడండి. ప్రతిదానిలో ఏది ఆగకుండా కదులుతోంది, ఏది ఉన్నట్టుండి మారింది అన్నది రాసి, పై పరీక్షను అన్వయించండి.