విన్న పాటకు వెల ఎంత?

1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ప్లేట్ల మీదికి ఎక్కించారు. అది మొదలు సుమారు నూరేండ్లపాటు పాట ఒక వస్తువుగా అమ్ముడుపోయినది. ప్లేటు గాని, క్యాసెట్టు గాని ఎన్ని అమ్ముడైనవో లెక్కించి, ఒప్పందం ఉన్న విద్వాంసునికి వాటా ఇచ్చేవారు.

1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినది. ఇందులో శబ్దతరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాస్తారు. ప్లేటు అరుగుతుంది, అంకె అరగదు. ఎన్నిసార్లు ఎత్తి వ్రాసినా నకలుకూ మూలానికీ భేదం ఉండదు. తరువాత వచ్చిన ఎం.పి.3 పద్ధతి, చెవికి ఆనని భాగాన్ని వదలివేసి, ఆ అంకెల మూటను సుమారు పదోవంతుకు కుదించినది. 1999లో నాప్‌స్టర్ వెలసేసరికి పాటలు డబ్బు లేకుండానే చేతులు మారసాగినవి. ఇక అమ్మడానికి వస్తువేది?

అందుకు దొరికిన ఉపాయమే స్ట్రీమింగ్. స్వీడన్‌లో పుట్టి 2008లో సేవ ప్రారంభించిన స్పాటిఫై 2019లో మనదేశానికి వచ్చినది. శ్రోత నెలనెలా చందా కడతాడు, లేదా ప్రకటనలు వింటాడు. అయితే ఒకసారి వింటే ఇంత అనే స్థిరమైన ధర ఏదీ లేదు. రాబడిలో సుమారు మూడింట రెండు వంతులను ఒక రాశిగా పోసి, మొత్తం వినికిడిలో ఏ పాటది ఎంత భాగమో చూచి పంచుతారు. ముప్పది సెకన్లు వింటే ఒక లెక్క.

ఇందులోని చిక్కు ఒక ఊహాగణితంతో తెలుస్తుంది. ఇద్దరే చందాదారులు, చెరి 150 రూపాయలు కట్టినారనుకోండి. మొదటివాడు సినిమా పాటలు 90 సార్లు విన్నాడు. రెండవవాడు ఒక నాదస్వర విద్వాంసుని వాద్యం మాత్రమే, అదీ 10 సార్లు విన్నాడు. సంస్థ 100 ఉంచుకొనగా 200 మిగిలినది. వినికిడి 100 సార్లు. కాబట్టి సారికి 2 రూపాయలు. విద్వాంసునికి దక్కేది 20. రెండవవాని చందాలో పంపకానికి వచ్చిన 100లో తక్కిన 80 అతడు ఎన్నడూ వినని సినిమా పాటలకు పోయినవి! ఎవరి చందాను వారు విన్నవారికే ఇచ్చే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో ప్రారంభించినది. న్యాయమైన మార్గం అదే అనిపిస్తుంది.

ఆ ఇరవై అయినా నేరుగా విద్వాంసునికి చేరదు. ప్రతి రికార్డింగుకు ఐ.ఎస్.ఆర్.సి. అనే 12 అక్షరాంకెల గుర్తు ఉంటుంది. దానినిబట్టి డబ్బు మొదట రికార్డింగు హక్కుదారుకు, సాధారణంగా కంపెనీకి, పోతుంది. పాట వ్రాసినవారికి, స్వరపరచినవారికి వేరే వాటా ఉన్నది. సినిమా పాటలలో ఆ రాయల్టీ హక్కును వారు వదులుకొనకుండా 2012 కాపీరైట్ సవరణ కాపాడినది. త్యాగరాజ కృతులపై మాత్రం ఎవరికీ హక్కు లేదు. వాటిని వాయించినవానికి రికార్డింగు వాటాయే గతి.

2024 నుంచి స్పాటిఫై, గడచిన పన్నెండు నెలలలో వెయ్యిసార్లయినా వినబడని పాటకు రికార్డింగు రాబడి ఇవ్వడం మానినది. అట్టి విద్వాంసునికి పెళ్ళిపందిళ్ళు, దేవాలయ ఉత్సవాలు, శిష్యులకు చెప్పే పాఠాలు ఇప్పటికీ ఆధారం. ఆ పాఠాలను అమెరికాలోని తెలుగు పిల్లలకు ఇంటినుంచే వీడియో ద్వారా చెప్పడం మాత్రం ఈ అంకెల వల్లనే సాధ్యమైనది.