బడిలో పాటకు పద్దు ఏది?

సర్కారు బడుల్లో సంగీతం మీద పడే కోత చాలావరకు కంటికి కనిపించదు. ఉన్న ఉపాధ్యాయుణ్ణి తొలగిస్తే తల్లిదండ్రులు నిలదీస్తారు గానీ, మంజూరే కాని పోస్టు కోసం ధర్నాకు దిగేవారు ఉండరు. హైదరాబాద్ ఉత్తర శివారులో, నగరపు చెత్త చేరే డంపింగ్ యార్డు వల్లనే ఎక్కువమందికి తెలిసిన జవహర్‌నగర్‌లో ఈ లోటు మరింత బరువైనది. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు పేరిట, రాంకోటిలో త్యాగరాజ స్వామి పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు ఉన్నప్పటికీ, రోజుకూలీ మీద బతికే ఇంటివారు పిల్లను వెంటబెట్టుకుని అంతదూరం తీసుకువెళ్లాలంటే ఆ పూట పని మానుకోవలసిందే కనుక, అటువంటి పిల్లలకు స్వరం నేర్పగల చోటు నడిచి వెళ్లే బడి ఒక్కటే.

చట్టం ఈ సంగతిని పూర్తిగా మరవలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 8 వరకు తరగతులున్న బడిలో పిల్లల సంఖ్య 100 దాటితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు, అనగా రెగ్యులర్ పోస్టుతో నిమిత్తం లేకుండా కొద్ది గంటల బోధనకు నియమితులయ్యేవారు, ఉండాలని తన షెడ్యూలులో పేర్కొంది. అయితే గొంతు లేతగా ఉండి శ్రుతిని సులువుగా పట్టుకునే ప్రాథమిక తరగతుల ఊసు ఆ నిబంధనలో లేదు. పిల్లలు వందకు తగ్గితే హక్కూ తగ్గుతుంది. పైగా కళావిద్య అనే ఒక్క మాటలో బొమ్మలు, పాట, నృత్యం, నాటకం అన్నీ ఇమిడిపోవడంతో, డ్రాయింగ్ మాస్టారు ఒకరుంటే కాగితం మీద లెక్క సరిపోతుంది. వార్షికోత్సవం నాడు స్పీకర్లలో సినిమా పాట మోగించి పిల్లలచేత ఆడించడాన్ని సంగీత విద్య కిందే జమకట్టే అలవాటు ఈ లోటును ఇంకాస్త కప్పిపుచ్చుతోంది.

డబ్బు వచ్చే దారి కూడా నిలకడైనది కాదు. ఇటువంటి నియామకాలకు ఆధారమైన సమగ్ర శిక్ష 2018లో మూడు పాత పథకాలను కలిపి ఏర్పడిన కేంద్ర ప్రాయోజిత పథకం. ఇందులో తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి, ప్రణాళికకు ఏటా ఆమోదం పొందాలి. రాష్ట్ర బడ్జెట్‌లో జీతాల పద్దు కింద నిలిచే రెగ్యులర్ పోస్టుకు ఉన్న భద్రత పథకపు ఉద్యోగికి ఉండదు. క్రమబద్ధీకరణ కోరుతూ సమగ్ర శిక్ష ఉద్యోగులు 2024 డిసెంబరులో సమ్మెకు దిగడం వెనుక ఉన్నది ఈ అభద్రతే.

పోస్టు ఉంటే ఎంత తేడా వస్తుందో గురుకులాలు చూపుతున్నాయి. 2023లో తెలంగాణ గురుకుల నియామక బోర్డు ప్రకటించిన 9,231 ఉద్యోగాలలో 124 సంగీత ఉపాధ్యాయులవి. రాష్ట్రానికి ఆ సంఖ్య చిన్నదే కావచ్చు, కానీ సంగీతానికి విడిగా ఒక వరుస కేటాయించడం చిన్న విషయం కాదు. గురుకులంలో సీటు దొరికిన పిల్లకు సంగీతం టీచరును ఇవ్వగలిగిన ప్రభుత్వం, అదే వాడలో ఉండి ఇంటి నుంచి బడికి నడిచి వెళ్లే పిల్లకు ఎందుకు ఇవ్వలేదో చెప్పవలసి ఉంది. అందెశ్రీ రచించిన ‘జయ జయహే తెలంగాణ’ను 2024లో రాష్ట్ర గీతంగా స్వీకరించిన ప్రభుత్వానికి, దాన్ని శ్రుతిలో పాడించే మనిషి బడిలో ఉండాలన్న ఆలోచన కూడా రావాలి.

సంపన్న దేశాల్లోనూ ఈ కథ ఇంతే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978లో ఆస్తిపన్నుకు పరిమితి విధించిన తరువాత బడుల రాబడి కుంగి, సంగీతం తరగతులకు కోత పడింది; 2022లో అక్కడి ఓటర్లు ఆమోదించిన మరో చట్టం బడుల నిధులలో ఒక శాతానికి సమానమైన అదనపు సొమ్మును కళలకే కేటాయించి, మరీ చిన్నవి కాని విద్యా జిల్లాలు అందులో కనీసం 80 శాతాన్ని బోధించే సిబ్బందిపైనే వెచ్చించాలని, అప్పటికే కళలకు పెడుతున్న ఖర్చును దీనితో సరిపుచ్చరాదని షరతు పెట్టింది. వాద్యాలు కొని బీరువాలో పెట్టడం కన్నా మనిషిని నిలబెట్టడం ముఖ్యమన్న ఈ గ్రహింపే మనకూ కావలసింది.

అందుకు మన చట్టంలోనూ ఒక తలుపు తెరిచే ఉంది. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు అధికంగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ తయారుచేసే అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ నిధులకు ప్రాతిపదిక కావాలి. మరుగుదొడ్లు, ప్రహరీ గోడతో పాటు ‘సంగీతం ఉపాధ్యాయ పోస్టు ఒకటి’ అనే వాక్యాన్ని కూడా ఆ ప్రణాళికలో రాయించవలసిందిగా జవహర్‌నగర్ తల్లిదండ్రులను కోరవలసి ఉంది.