తిత్తులతో పుట్టిన విమానం

2018 ఆగస్టు 10 సాయంత్రం అమెరికాలోని సియాటిల్-టకోమా విమానాశ్రయం నుంచి 76 సీట్ల విమానం ఒకటి ఎవరి అనుమతీ లేకుండా గాల్లోకి లేచింది. లోపల ఉన్నది 28 ఏళ్ల యువకుడు ఒక్కడే. హొరైజన్ ఎయిర్‌లో నేల మీద పనులు చూసే ఉద్యోగి. విమానాలను లాగి నిలబెట్టడం, సామాన్లు ఎక్కించి దించడం అతని పని. పైలట్ శిక్షణ ఏనాడూ తీసుకోలేదు. అయినా గంటంబావు సేపు ఎగిరాడు, విమానంతో పల్టీ కూడా కొట్టించాడు. వెంట రెండు ఎఫ్-15 యుద్ధ విమానాలు వెళ్లాయి. చివరికి కెట్రాన్ అనే చిన్న దీవిలో విమానం కూలి అతను చనిపోయాడు. కావాలనే కూల్చుకున్నాడని ఎఫ్‌బీఐ తేల్చింది. కూలకముందు రేడియోలో కంట్రోలర్‌తో మాట్లాడుతూ, కొన్ని వీడియో గేములు ఆడిన అనుభవం ఉందని చెప్పాడు.

ఆ విమానం పేరు క్యూ400. మనకు కొత్తదేమీ కాదు. 2011లో స్పైస్‌జెట్ హైదరాబాద్ కేంద్రంగా ఈ రకం విమానాలతోనే చిన్న నగరాలకు సర్వీసులు మొదలుపెట్టింది. పటం మీద శంషాబాద్ విమానాశ్రయం నుంచి గన్నవరం విమానాశ్రయానికి స్కేలు పెట్టి గీత గీస్తే, జగ్గయ్యపేట, నందిగామలను ఉత్తరాన వదిలేసి దాదాపు చందర్లపాడు మీదుగా పోతుంది. ఆ ఊళ్లో ఫోను పట్టుకున్న ఏ పిల్లవాడైనా ఈ రోజు క్యూ400 కాక్‌పిట్‌లో మీటలన్నీ ఎక్కడెక్కడ ఉంటాయో చూడగలడు, ఆటలో దాన్ని ఎగరేయగలడు. మరి ఆ చదువుతో అసలు విమానం ఎంతవరకు నడుస్తుంది? ఇందుకు జవాబు కావాలంటే సిమ్యులేటర్ అనే యంత్రం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి.

నేల మీదే ఎగరడం నేర్పాలన్న ఆలోచన విమానమంత పాతది. 1910 ప్రాంతంలోనే ఫ్రాన్సులో ఆంత్వానెత్ కంపెనీ వాళ్లు సగానికి కోసిన పీపాల మీద కుర్చీ బిగించి, ఇద్దరు ముగ్గురు మనుషులు దాన్ని చేతులతో ఊపుతుంటే శిష్యుడి చేత సరిచేయించేవారు. అది నిలదొక్కుకోలేదు. దాన్ని నిలబెట్టినవాడు ఎడ్విన్ లింక్. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగామ్‌టన్‌లో వాళ్ల నాన్నకు పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. 1920లో కుర్రవాడు ఎడ్విన్ 50 డాలర్లు పోసి మొదటి విమాన పాఠానికి వెళ్లాడు. గురువుగారు విమానాన్ని పల్టీలు కొట్టించారు తప్ప శిష్యుణ్ణి ఒక్క మీట కూడా ముట్టుకోనివ్వలేదు. పాఠం ఇంత ఖరీదై, చేతికి ఏమీ అందకపోతే మామూలు వాడు నేర్చుకునేదెలా? లింక్ బుర్రను ఈ ప్రశ్న వదల్లేదు.

అతని చేతిలో ఉన్న విద్య ఆర్గాన్ విద్య. మన పద్యనాటకాల హార్మోనియంలో మాదిరే ఆర్గాన్‌లోనూ తిత్తులుంటాయి. ఎక్కడ గాలి వదలాలో, ఎక్కడ లాగాలో కవాటాలు నిర్ణయిస్తాయి. లింక్ చిన్న రెక్కలు, తోక ఉన్న పొట్టి విమానాన్ని చెక్కతో చేసి, దాన్ని ఆ తిత్తుల మీద కూర్చోబెట్టాడు. లోపల కూర్చున్నవాడు కర్రను ఎడమకు వంచితే కవాటాలు తెరుచుకుని ఒకవైపు తిత్తి ముడుచుకునేది, మరోవైపుది ఉబ్బేది, పెట్టె ఎడమకు ఒరిగేది. ముందుకు నెడితే ముక్కు దిగేది. కర్మాగారం నేలమాళిగలో తయారైన ఈ యంత్రం పేటెంటు కోసం 1929లో దరఖాస్తు చేశాడు. విమాన బడులు పెద్దగా పట్టించుకోలేదు. వినోద పార్కుల వాళ్లు మాత్రం కొన్నారు, జనం డబ్బులిచ్చి ఊగారు.

ఆ బొమ్మను బడిగా మార్చింది చావులు. 1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రైవేటు కంపెనీల తపాలా కాంట్రాక్టులు రద్దుచేసి, ఉత్తరాల రవాణాను సైనిక విమాన దళానికి అప్పగించాడు. పగటి పూట కళ్లతో చూస్తూ ఎగరడం అలవాటైన ఆ పైలట్లు చలికాలం రాత్రుల్లో, మంచులో, మబ్బుల్లో పడ్డారు. కొద్ది నెలల్లోనే పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పుడు లింక్‌కు కబురొచ్చింది. న్యూయార్క్ పక్కన నెవార్క్‌లో అధికారులు ఎదురుచూస్తున్న రోజున దట్టంగా పొగమంచు పట్టింది. ఇక రాడనుకుని వాళ్లు లేచి వెళ్లబోతుంటే, కేవలం పరికరాలను నమ్ముకుని ఎగిరొచ్చిన లింక్ విమానం దిగింది. అంతకు మించిన ప్రదర్శన అక్కర్లేకపోయింది. సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొంది.

ఇంతకీ ఆ పెట్టె నేర్పిందేమిటి? మన లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు చిన్న అర్ధవలయ నాళాలున్నాయి. తల తిరిగినప్పుడు నాళం కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను బట్టే తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. కానీ మలుపు ఒకే తీరున ఇరవై సెకన్లపాటు సాగితే ద్రవమూ నాళంతో సమంగా తిరగడం మొదలుపెడుతుంది. ఇక తేడా లేదు, తిరుగుతున్న కబురూ లేదు. మబ్బులో ఉన్న పైలట్‌కు తాను తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. నిజంగా తిన్నగా చేస్తే ఎదురువైపుకు ఒరిగిపోయినట్టు అనిపించి, మళ్లీ పాత మలుపులోకే వంచుతాడు. ఒరిగిన విమానం ఎత్తు కోల్పోతుంది. ఎత్తు పెంచుదామని కర్రను వెనక్కి లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది. సుడి తిరుగుతూ నేలకు చేరుతుంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని కొలిచారు. పరికరాల మీద ఎగరడం రాని 20 మందిని బొనాంజా అనే చిన్న విమానంలో ఎక్కించి, బయటి దృశ్యం కనబడకుండా చేశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ.

లింక్ పెట్టె మీద మూత పడేది. లోపలివాడికి కనిపించేవి మసక వెలుతురులో పరికరాల ముళ్లు మాత్రమే. ఒళ్లు ఒకటి చెబుతుంటే ముల్లు ఇంకొకటి చెప్పేది. ఒంటిని కాదని ముల్లును నమ్మే దాకా శిష్యుణ్ణి బయటికి రానిచ్చేవారు కాదు. పక్కన బల్ల దగ్గర శిక్షకుడు కూర్చుంటే, అతని ముందున్న పటం మీద చక్రాల పరికరం ఒకటి పాకుతూ శిష్యుడు పోయిన దారిని సిరాతో గీసేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇలాంటివి సుమారు 10,000 తయారయ్యాయి. అమెరికా ఒక్కదానిలోనే ఐదు లక్షల మంది వైమానికులు వీటిలో కూర్చుని లేచారు. యుద్ధానికి ముందే జపాన్ కూడా వీటిని కొనుక్కుంది.

తర్వాత తిత్తులు పోయాయి, విద్యుత్ గణన యంత్రాలు వచ్చాయి. 1948లో ప్యాన్ యామ్ సంస్థ బోయింగ్ 377 పైలట్ల కోసం కర్టిస్-రైట్ చేసిన సిమ్యులేటర్‌ను వాడింది. అది కదలదు, కిటికీలో దృశ్యమూ ఉండదు. మీటలూ ముళ్లూ మాత్రం అచ్చం అసలువే. కదలిక మరో దారిలో వచ్చింది. ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ ఇంజనీరు ఎరిక్ గాఫ్ టైర్లను పరీక్షించడానికి 1954లో ఆరు కాళ్ల వేదిక కట్టాడు. 1965లో స్టివార్ట్ అనే మరో ఇంజనీరు అలాంటి వేదికనే సిమ్యులేటర్ల కోసం ప్రతిపాదించాడు. నేటి పెద్ద సిమ్యులేటర్లు దాదాపు అన్నీ ఆ ఆరు కాళ్ల మీదే నిలబడ్డాయి. రన్‌వే మీద వేగం అందుకుంటున్నట్టు అనిపించాలంటే గదిని చెవికి పట్టుబడనంత మెల్లగా వెనక్కి వాలుస్తారు. వీపును సీటుకు నొక్కేది భూమ్యాకర్షణే, మనకు తోచేది విమాన వేగం. చెవి మోసపోతుందని హెచ్చరించడానికి పుట్టిన యంత్రం అదే చెవిని మోసగించి పని చేసుకుంటోంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు ఈ చదువు చెప్పింది హైదరాబాద్ ఫిరోజ్‌గూడలోని తన శిక్షణ కేంద్రంలోనే. ఈ యంత్రాలు ఎంత నమ్మకమైనవంటే, అనుభవమున్న పైలట్ కొత్త రకం విమానాన్ని మొదటిసారి నిజంగా ఎగరేసేది ప్రయాణికులతోనే కావచ్చు.

దీని తమ్ముడు 1980 ప్రాంతంలో ఇళ్లలోకి వచ్చాడు. బ్రూస్ ఆర్ట్‌విక్ యాపిల్ కంప్యూటర్ కోసం రాసిన విమానం ఆటకు కొనసాగింపును 1982లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. ముళ్లు ఉన్నాయి, మీటలున్నాయి, ఊళ్లూ రన్‌వేలూ ఉన్నాయి. కుర్చీ మాత్రం కదలదు. ఒంటికీ ముల్లుకూ పేచీయే రాదు కాబట్టి ఆ పేచీ తీర్చుకోవడం ఆటలో ఎవరూ నేర్చుకోరు.

సియాటిల్ యువకుడు ఎగరగలగడంలో వింత తక్కువే. వేగం అందితే పైకి లేవాలనీ, వదిలేస్తే తిన్నగా పోవాలనీ చూసేలాగే విమానాన్ని కడతారు. పైగా ఆ సాయంత్రం ఆకాశం నిర్మలం, దిక్చక్రం స్పష్టంగా కనిపిస్తోంది. మబ్బు పట్టి ఉంటే ఆ 178 సెకన్ల లెక్క అతనికీ వర్తించేది. లోపలికి వెళ్లే దారి కూడా ఆటలో దొరికింది కాదు. అతని ఉద్యోగపు గుర్తింపు కార్డు ఇచ్చింది. అందుకే ఆ ఘటన తర్వాత చర్చంతా సిమ్యులేటర్ల మీద కాక, రన్‌వే దగ్గరికి వెళ్లే హక్కున్న ఉద్యోగుల మీద సాగింది.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు నిజంగా ఎగరాలి. వేల గంటలు ఎగిరిన కెప్టెన్ కూడా ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్ ఎక్కి పరీక్ష ఇవ్వాలి. ఆటలో వాతావరణాన్ని ఆడేవాడే ఎంచుకుంటాడు. సిమ్యులేటర్‌లో దాన్ని ఎంచుకునేది వెనక కూర్చున్న శిక్షకుడు. ఇంజను ఎప్పుడు ఆగాలో, మంట ఎప్పుడు అంటుకోవాలో కూడా అతనే నిర్ణయిస్తాడు.