గ్యాస్‌తో పాటే పోయే ఆయిల్

ఎండాకాలం ముదిరితే జగిత్యాల జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల చేరే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆ రోజుల్లో కారు ఏసీ కంప్రెసర్ ఎంత కష్టపడుతుందో లెక్కకట్టి చెప్పొచ్చు. కూలింగ్ కాయిల్ నుంచి చల్లని ఆవిరిగా వచ్చే గ్యాస్ పీడనం వాతావరణ పీడనానికి సుమారు మూడు రెట్లు. ఆ గ్యాస్ మోసుకొచ్చిన వేడి బయటి గాలిలోకి పోవాలంటే అది గాలికన్నా వేడిగా ఉండాలి. బయట 30 డిగ్రీలే ఉంటే గ్యాస్‌ను 45 దగ్గర ద్రవంగా మార్చినా సరిపోతుంది; అందుకు పన్నెండు రెట్ల పీడనం చాలు. బయటే 45 ఉన్నప్పుడు 60 దాకా వెళ్లాలి. అప్పుడు పీడనం పదిహేడు రెట్లకు చేరుతుంది. ఆ అదనపు భారమంతా కంప్రెసర్ మీదే.

ఈ యంత్రం కార్లలోకి వచ్చిన కొత్తలో దాన్ని ఆపడమే పెద్ద పని. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లకు ఏసీ పెట్టింది. కూలింగ్ కాయిల్ డిక్కీలో, కంప్రెసర్ ఇంజిన్ పక్కన ఉండేవి. క్లచ్ లేదు. ఇంజిన్ తిరిగినంతసేపూ కంప్రెసర్ తిరగాల్సిందే. ఏసీ వద్దనుకుంటే కారు దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. 1954లో నాష్ కంపెనీ ఆ ఇబ్బంది తీర్చింది: డ్యాష్‌బోర్డు మీద స్విచ్, కంప్రెసర్‌కు విద్యుత్ క్లచ్. ఏసీ వేయగానే నేటికీ చాలా కార్లలో వినిపించే ‘టక్’ శబ్దం ఆ క్లచ్ పట్టుకున్నదే. 1962లో జనరల్ మోటార్స్ ఆరు సిలిండర్ల కంప్రెసర్ తెచ్చింది. షాఫ్టు మీద వాలుగా బిగించిన పళ్లెం తిరుగుతుంటే పిస్టన్లు ముందుకీ వెనక్కీ కదులుతాయి. ఇప్పటికీ ఎన్నో కార్లలో ఉన్నది ఆ పద్ధతే. మన దేశంలో సుజుకి, డెన్సో భాగస్వామ్యంతో 1985లో మొదలైన సుబ్రోస్ సంస్థ మారుతి కార్లకు ఏసీ సామగ్రి చేసిపెట్టింది.

వేగంగా కదిలే పిస్టన్లకూ బేరింగులకూ ఆయిల్ కావాలి. ఇంజిన్‌కు ఉన్నట్టు కంప్రెసర్‌కు ఆయిల్ చాంబర్, డిప్‌స్టిక్ సాధారణంగా ఉండవు. ఆయిల్ గ్యాస్‌లోనే కలిసి లైన్లన్నీ చుట్టి తిరిగి వస్తుంది. గ్యాస్ తగ్గితే ఆయిల్‌ను తిరిగి మోసుకొచ్చే ప్రవాహం బలహీనపడుతుంది. లీకు ఉంటే గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా బయటికి పోతుంది. జాయింట్ల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటే అది లీకుకు గుర్తు. లీకు వెతకకుండా ప్రతి ఎండాకాలం గ్యాస్ మాత్రం ఎక్కించుకుంటూ పోతే కారు చల్లబడుతుంది. కంప్రెసర్ మాత్రం ఏటేటా ఎండిపోతుంది. చివరికి జామ్ అయినప్పుడు తప్పు కంప్రెసర్‌ మీదికి పోతుంది.

వాడకం మరీ తగ్గినా ప్రమాదమే. గల్ఫ్‌లో పనిచేసే వాళ్లు సెలవుకు వచ్చినప్పుడే బయటికి తీసే కార్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో కొత్త కాదు. కంప్రెసర్ షాఫ్టు బయటికి వచ్చే చోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. దాన్ని తడిగా ఉంచేది ఆ ఆయిలే. నెలల తరబడి ఏసీ వేయకపోతే సీలు ఎండి గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది. వారం పది రోజులకోసారి, చలికాలంలో కూడా, ఐదు పది నిమిషాలు ఏసీ నడిపితే చాలు.

రెండో జాగ్రత్త గ్యాస్ వేడిని బయటి గాలిలోకి వదిలే కండెన్సర్‌ది. యాసంగి వరి కోతలూ ఎండలూ ఒకేసారి వస్తాయి. గడ్డి నలుసులు, రోడ్డు దుమ్ము దాని రేకుల మధ్య ఇరుక్కుంటాయి. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్ల పక్కన నిలిపే బండికి నూలు పీచు కూడా తోడవ్వొచ్చు. గాలి ఆడక వేడి పోదు, పీడనం పదిహేడు రెట్లనూ దాటుతుంది. నీళ్లను తక్కువ ఒత్తిడితో కొట్టి కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

కంప్రెసర్ మార్చాల్సి వస్తే అసలు పని పాతదాన్ని విప్పాకే మొదలవుతుంది. అందులోని ఆయిల్ వంచి, కొలిచి, రంగు చూడాలి. నల్లగా, లోహపు రజనుతో ఉంటే ఆ రజను లైన్లలోకీ పోయి ఉంటుంది. లైన్లు ఫ్లష్ చేయాలి, డ్రైయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాలి. నేటి కండెన్సర్లలో దారులు మరీ సన్నం. ఎంత కడిగినా రజను పూర్తిగా రాదు గనుక దాన్నీ మార్చడమే మేలు. ఇవి వదిలేసి కొత్త కంప్రెసర్ బిగిస్తే పాత రజనే దాన్ని తినేస్తుంది. ఆ తర్వాత అరగంటకు పైగా వాక్యూమ్ పెట్టి తేమ లాగేయాలి. బానెట్ కింది స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని ఉంటే అన్ని గ్రాములు తూచి గ్యాస్ నింపాలి.

ఏ ఆయిల్ పోయాలన్నది గ్యాస్‌ను బట్టి ఉంటుంది. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-12 గ్యాస్‌ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తప్పించింది. ఆ గ్యాస్‌తో మినరల్ ఆయిల్ వాడేవారు. తర్వాత వచ్చిన ఆర్-134ఎలో ఆ ఆయిల్ కలవదు కాబట్టి ప్యాగ్ ఆయిల్ వచ్చింది. 2003లో టయోటా రెండో తరం ప్రియస్‌కు బెల్టు లేని విద్యుత్ కంప్రెసర్ పెట్టింది. మోటారు లోపలే ఉండటంతో షాఫ్టు సీలు బెడద పోయింది. అయితే మోటారు తీగలు ఆయిల్‌లోనే తడుస్తుంటాయి. దానికి విద్యుత్‌ను అడ్డుకునే పీఓఈ రకం ఆయిల్ కావాలి. అందులో ప్యాగ్ కాస్త కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు కేంద్రం ఏసీ తప్పనిసరి చేసింది. దాంతో ఈ ఊళ్ల ఏసీ మెకానిక్‌ల ముందుకు ఒకవైపు రోజంతా దుమ్ములో తిరిగే లారీల కంప్రెసర్లు, మరోవైపు కొన్ని వందల వోల్టుల మీద నడిచే ఎలక్ట్రిక్ కార్ల కంప్రెసర్లు వస్తాయి. ఒకదానికి వాడిన గేజ్ పైపులనే శుభ్రం చేయకుండా రెండోదానికి తగిలిస్తే, పైపుల్లో మిగిలిన ఆ కొద్దిపాటి ప్యాగ్ ఆయిలే ఖరీదైన మోటారును పాడుచేయొచ్చు.