నేలలో పాతిన ఓడలు

ఓడ నీటిలో తిరిగేది. దానిని ఎవరైనా నేలలో పాతిపెడతారా? స్కాండినేవియా దేశాలలో పాతిపెట్టారు! వెయ్యేళ్లకు పూర్వం అక్కడ గొప్ప కుటుంబాలవారు కొందరు మరణిస్తే శవాన్ని ఓడలో ఉంచి, చుట్టూ సామగ్రి పేర్చి, పైన పెద్ద మట్టిదిబ్బ కట్టేవారు. స్వీడన్‌లోని వెండెల్‌లో 7వ శతాబ్దం నాటి పడవ సమాధులు కూడా ఉన్నాయి.

వీటిలో ప్రసిద్ధమైనది నార్వేలోని ఓసెబర్గ్ ఓడ. 1904లో గాబ్రియేల్ గుస్టాఫ్‌సన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆ దిబ్బను త్రవ్వించాడు. లోపల ఓక్ కొయ్యతో చేసిన ఓడ కనిపించింది. పొడవు సుమారు 21.5 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. 30 మంది తెడ్లు వేయవచ్చు. అందులో ఇద్దరు స్త్రీల ఎముకలు, చెక్కడాలతో నిండిన బండి, మంచుపై లాగే బండ్లు, మంచాలు, నేసిన బట్టలు, గుర్రాల ఎముకలు ఉన్నాయి. బంగారం, వెండి మాత్రం లేవు. ఏనాడో దొంగలు దిబ్బను త్రవ్వి దోచుకుపోయారు. వారు వదిలివెళ్లిన కొయ్య పారలు కూడా దొరికాయి!

ఇన్ని శతాబ్దాలు కొయ్య ఎలా చివకకుండా ఉంది? కొయ్యను తినే శిలీంధ్రాలకు తేమతోపాటు గాలి కూడా కావాలి. ఓసెబర్గ్‌లో ఓడ క్రింద జిగట బంకమన్ను ఉంది. పైన గడ్డితో సహా కోసిన మట్టి పెళ్లలను దట్టంగా పేర్చారు. అందువల్ల గాలి లోపలికి చొరలేదు. డెన్మార్క్‌లోని లాడ్‌బీలో ఇటువంటి రక్షణ లేదు. 1935లో అక్కడ త్రవ్వినపుడు ఓడ కొయ్య దాదాపు మట్టిలో కలిసిపోయి ఉంది. కాని సుమారు 2,000 ఇనుప మేకులు వరుస తప్పక నిలిచి, ఓడ ఆకారాన్ని చూపించాయి.

మరి కాలం ఎలా తెలిసింది? చెట్టు మానులో ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. అనుకూలమైన ఏడు అది వెడల్పుగా, గడ్డు ఏడు సన్నగా ఉంటుంది. ఈ వరుసను కాలం తెలిసిన కొయ్యల వలయాలతో సరిపోల్చి, ఓసెబర్గ్ ఓడలోని శవగృహానికి వాడిన చెట్లను క్రీ.శ. 834లో నరికారని నిర్ణయించారు.

అయితే మట్టిలో నిలిచిన కొయ్యకు బయట కొత్త ఆపద వచ్చింది. నీటితో నానిన కొయ్య ఆరితే ముడుచుకుపోయి పగులుతుంది. అందుకని ఆనాటి శాస్త్రజ్ఞులు మెత్తబడిన వస్తువులను వేడి పటిక ద్రావణంలో నానబెట్టారు. పటిక స్ఫటికాలు కొయ్యను లోపలినుంచి నిలబెడతాయని వారి ఆలోచన. వస్తువులు ముడుచుకోలేదు, నిజమే. కాని పటిక ద్రావణాన్ని అలా వేడిచేసినపుడు సల్ఫ్యూరికామ్లం పుట్టింది. అది శతాబ్దానికి పైగా కొయ్యను లోలోపలే తినివేసింది. పైకి చక్కగా కనిపించే వస్తువు లోపల పొడిపొడిగా ఉంటున్నది! ఓక్ ఓడను పటికలో నానబెట్టలేదు గనుక దానికి ఈ బాధ తప్పింది.

పటికను కడిగివేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. కొయ్యను నిలబెడుతున్నదీ ఆ పటికే గదా! అది పోతే వస్తువే కూలిపోవచ్చు. అందుకే ఆమ్లాన్ని విరిచి, కొయ్యకు బలమిచ్చే పదార్థాల కోసం 2014 నుండి నార్వేలో ప్రత్యేకంగా పరిశోధనలు జరిపారు. త్రవ్వి తీయడంతో పురావస్తు శాస్త్రజ్ఞుని పని ముగియదు. తీసినదానిని కాపాడే బాధ్యత రసాయన శాస్త్రానిది కూడా.