ఇస్తాంబుల్ నగర సందర్శనం

దేశాటనం విజ్ఞానదాయకమని పెద్దలు చెబుతారు. అయితే చారిత్రక నగరాన్ని దర్శించడమంటే కట్టడాల ముందు నిలబడి ఛాయాచిత్రాలు తీసుకోవడం మాత్రమే కాదు. ఏ కట్టడం ఎవరి కాలంలో వెలసింది, తరువాత ఎవరి అధీనంలోకి వెళ్ళింది, ఇన్నాళ్ళు ఎలా నిలిచింది అని ప్రశ్నించుకుంటూ చూడాలి. అలా చూడదగిన నగరాలలో తుర్కియే దేశంలోని ఇస్తాంబుల్ ఒకటి. ఆ నగర చరిత్రలోని ఒక ఘట్టం మన హైదరాబాదుతో ముడిపడి ఉండటం విశేషం.

యూరప్, ఆసియా ఖండాలను వేరుచేసే బాస్ఫరస్ జలసంధికి ఇరువైపులా ఈ నగరం విస్తరించి ఉంది. క్రీ.శ. 330లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ దీనిని తన రాజధానిగా ప్రతిష్ఠించాడు. ఆయన పేరు మీదుగా ఇది కాన్‌స్టాంటినోపుల్ అయింది. బుర్సా, ఎడిర్నే నగరాల నుండి పాలించిన ఆటోమన్ తురుష్కులు 1453 మే 29న దీనిని జయించారు. నాటి సుల్తాను రెండవ మెహ్మద్ వయస్సు ఇరవై ఒక్క సంవత్సరాలే. 1922లో సుల్తానుల పాలన రద్దయ్యే వరకు ఇది ఆటోమన్ సామ్రాజ్యానికి రాజధానిగా వెలుగొందింది. 1923లో అంకారా కొత్త రాజధాని అయింది.

సందర్శకులు మొదట చూసేది హగియా సోఫియా. జస్టీనియన్ చక్రవర్తి క్రీ.శ. 532–537 మధ్య దీనిని క్రైస్తవ దేవాలయంగా నిర్మింపజేశాడు. దీని మహాగోపురం నేల నుండి సుమారు 55 మీటర్ల ఎత్తున, ఆకాశంలో తేలుతున్నట్లు కనిపిస్తుంది. 1453లో ఇది మసీదు అయింది. విజేతలు దీనిని కూల్చలేదు, మీనార్లు చేర్చారు. గోడలపై ఉన్న రంగురాళ్ళ చిత్రాలను కాలక్రమంలో సున్నంతో కప్పారు. ఆ పూత కిందనే అనేక చిత్రాలు భద్రంగా నిలిచాయి. 1935లో ఈ కట్టడం ప్రదర్శనశాలగానూ, 2020లో తిరిగి మసీదుగానూ మారింది. ఈ మార్పులపై నేటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. కట్టడం మాత్రం దాదాపు పదిహేను వందల సంవత్సరాలుగా నిలిచే ఉంది.

దీనికి సమీపంలోనే భూమి లోపల జస్టీనియన్ కాలపు జలాశయం ఉంది. దాని పైకప్పును 336 స్తంభాలు మోస్తున్నాయి. పాత కట్టడాల నుండి తెచ్చిన స్తంభాలను ఇందులో వాడారు. రెండు స్తంభాల కింద మెడూసా శిరస్సులు పీఠాలుగా ఉన్నాయి.

హగియా సోఫియా వెనుక ఉన్న తోప్‌కాపి రాజప్రాసాదంలో సుల్తానులు దాదాపు నాలుగు వందల ఏళ్ళు నివసించారు. 1924లో ఇది ప్రదర్శనశాల అయింది. ఎదురుగా ఆరు మీనార్లతో సుల్తాన్ అహ్మద్ మసీదు దర్శనమిస్తుంది. లోపలి నీలిరంగు పలకల వల్ల దీనికి నీలి మసీదు అనే పేరు వచ్చింది. కొంత దూరంలో, కొండపై సులేమానియా మసీదు ఉంది. వాస్తుశిల్పి సినాన్ 1557 నాటికి దీనిని పూర్తి చేశాడు. మసీదుతోపాటు విద్యాలయాలు, వైద్యశాల, పేదలకు అన్నం పెట్టే వంటశాల కూడా ఈ ప్రాంగణంలో నిర్మించారు. మసీదులలో ప్రవేశించేవారు పాదరక్షలు విడవాలి. స్త్రీలు తల కప్పుకోవాలి. ప్రార్థన వేళలను గౌరవించాలి.

బాస్ఫరస్ తీరంలోని దోల్మాబాచే ప్రాసాదం ఈ యాత్రలో చివరి మజిలీ. 1856 నుండి సుల్తానులు ఇక్కడ నివసించారు. 1924 మార్చిలో ఖలీఫా పదవి రద్దు కాగా, చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుటుంబంతో సహా రాత్రికి రాత్రే ఈ భవనం విడిచి, ప్రవాసం వెళ్ళవలసి వచ్చింది. ఆయన కుమార్తె దుర్రు షెహ్వార్‌కు అప్పటికి పదేళ్ళు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ కుటుంబానికి ఆర్థిక సహాయం అందించాడు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాకు దుర్రు షెహ్వార్‌తో, రెండవ కుమారుడు మొఅజ్జం జాకు ఆటోమన్ వంశానికే చెందిన నిలోఫర్‌తో వివాహాలు జరిగాయి.

సొంతగడ్డకు దూరమైన ఈ రాకుమార్తెల స్మృతులు హైదరాబాదులో సేవారూపంలో నిలిచాయి. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ వైద్యశాల, పురానీ హవేలీలోని దుర్రు షెహ్వార్ వైద్యశాల అందుకు నిదర్శనాలు. ఆజం జా నివాసమైన బెల్లా విస్టా భవనం నేడు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి నిలయం. దుర్రు షెహ్వార్ కుమారుడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించగా, ఆయన భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

ఇస్తాంబుల్ వెళ్ళే అవకాశం అందరికీ రాకపోవచ్చు. కానీ గోపన్‌పల్లిలో చదువుకునే విద్యార్థి సైతం ఒక సెలవుదినాన నగరంలోకి వెళ్ళి ఈ చోట్లను చూడవచ్చు. గోపన్‌పల్లి, నల్లగండ్ల వంటి గ్రామాలు మన కళ్ళముందే బహుళ అంతస్తుల భవనాలతో మహానగరంలో కలిసిపోయాయి. కొత్తది కట్టడం అవసరమే. అయితే పాతదాన్ని పూర్తిగా చెరిపివేస్తే, అది మనకు చెప్పవలసిన కథ కూడా దానితోనే పోతుంది. పాలకులు మారినా, ప్రయోజనాలు మారినా కట్టడాలను నిలుపుకోవడం వల్లనే ఇస్తాంబుల్ తన గతాన్ని నేటికీ చూపగలుగుతున్నది. మన పరిసరాలలోని పాత కోటగోడను, చెరువుకట్టను, దిగుడుబావిని కూడా అదే దృష్టితో చూసి కాపాడుకోవడం మన కర్తవ్యం.