గంబోలో బెండకాయ: న్యూ ఆర్లియన్స్‌పై అపోహలు – వాస్తవాలు

హ్యూస్టన్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ వస్తే ఒక లెక్క ఉంటుంది. కారెక్కి ఐదున్నర గంటలు తూర్పుకి పోతే న్యూ ఆర్లియన్స్. శనివారం రాత్రి బోర్బన్ స్ట్రీట్, ఆదివారం మొసళ్ళ బోటు, మధ్యలో వెతికి పట్టుకున్న ఇండియన్ బఫే. తిరిగొచ్చాక ‘ఊరంతా తాగుడే, తినడానికేమీ లేదు’ అని తీర్పు. మొదటిసారి నేనూ అలాగే వెళ్ళొచ్చి అదే మాట అన్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు గానీ అది అన్నం తినే ఊరని తెలియలేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు నాలా బోల్తా పడకుండా నాలుగు మాటలు.

అపోహ: అక్కడ తినేదంతా కేజన్ వంట.

వాస్తవం: కేజన్లు పల్లెవాళ్ళు. కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి 1755లో మొదలుపెట్టి బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి. వాళ్ళు స్థిరపడింది లూసియానా రాష్ట్రం నైరుతి భాగంలో, లఫాయెట్ చుట్టుపక్కల. న్యూ ఆర్లియన్స్ నుంచి అక్కడికి రెండు గంటల పైనే ప్రయాణం. నగరం వంటను క్రియోల్ అంటారు. జాంబలాయాలో టమాటా పడితే క్రియోల్, పడకపోతే కేజన్ అని అక్కడివాళ్ళ బండగుర్తు. జాంబలాయా అంటే మాంసమో రొయ్యలో వేసి బియ్యంతో కలిపి వండేది. మన పలావుకి దూరపు చుట్టం.

మెనూలో ‘బ్లాకెన్డ్’ అని కనిపించగానే తాతముత్తాతల నాటి కేజన్ వంట అనుకుంటాం. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది పాల్ ప్రుడోమ్ అనే వంటవాడు, 1980ల్లో, ఇదే నగరంలో. చేప ముక్కని వెన్నలో ముంచి, మసాలా అద్ది, పొగలు కక్కే ఇనుప పెనం మీద వేస్తే పైపొర నల్లబడుతుంది. జనం దాని మీద ఎంత ఎగబడ్డారంటే, రెడ్‌ఫిష్ జాతి తగ్గిపోయి వేట మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

అపోహ: గంబో ఒక ఫ్రెంచి సూపు.

వాస్తవం: ఇక్కడ కాసేపు ఆగాలి. ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచే గంబో అనే మాట వచ్చిందని చాలామంది పండితులు చెబుతారు. ఆ గింజలూ ఆ వండే తీరూ బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వెంట వచ్చాయి. ఫ్రెంచి వాళ్ళ నుంచి వచ్చింది ‘రూ’. దళసరి గిన్నెలో నూనె, మైదా వేసి, సన్నసెగ మీద కలుపుతూ నిలబడాలి. ముందు తెల్లగా, తర్వాత వేరుశనగ గుళ్ళ రంగు, తర్వాత రాగిచెంబు రంగు, చివరికి చాక్లెట్ రంగు. ముప్పావుగంట పట్టినా పట్టొచ్చు. ఫోనొచ్చిందని గరిటె వదిలేస్తే అడుగంటుతుంది. నల్ల చుక్కలు తేలాయంటే పారబోసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. రంగు కుదరగానే ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం ముక్కలు చుయ్యిమంటూ పడతాయి. ఈ మూడింటినీ కలిపి ‘హోలీ ట్రినిటీ’ అంటారు. మనింట్లో తాలింపు ఎలాగో అక్కడ ఈ మూడూ అలాగ.

ఇక చిక్కదనం. మనం బెండకాయ జిగురు పోవాలని ముందే వేయించేస్తాం, వాళ్ళకి ఆ జిగురే కావాలి. బెండకాయ వేయనివాళ్ళు ఫిలే పొడి వేస్తారు. అది సాసఫ్రాస్ చెట్టు ఆకుల పొడి, ఆ నేల మీది చోక్టా తెగ వాళ్ళు నేర్పింది. ఆఖరికి ఇదంతా గిన్నెలో అన్నంతో వస్తుంది. నేను మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు గుర్తొచ్చింది మా అమ్మ చేసే పులుసే. చింతపండు ఒక్కటే లేదు.

అపోహ: మంటెక్కించే కారం.

వాస్తవం: గుంటూరు వైపు వాళ్ళు నవ్వుకుంటారు. క్రియోల్ వంటలో మిరియాలూ మసాలాలూ ఘుమఘుమలాడతాయి తప్ప కళ్ళనీళ్ళు పెట్టించవు. కారం కావాలంటే బల్ల మీద సీసా ఉంటుంది. అన్నట్టు టబాస్కో మెక్సికో సరుకు అనుకుంటారు చాలామంది. అది 1868 నుంచీ లూసియానాలోని ఏవరీ ఐలండ్‌లో తయారవుతున్నదే. ఒక్క క్రాఫిష్ (రొయ్యకి చుట్టం లాంటి మంచినీటి జీవి) దగ్గర మాత్రం జాగ్రత్త. మసాలా నీళ్ళలో మొక్కజొన్న, బంగాళదుంపలతో కలిపి ఉడికించి, పాత పేపర్లు పరిచిన బల్ల మీద గుమ్మరిస్తారు. వేళ్ళ సందుల్లోంచి కారం కారుతుంటే, తల పీకేసి తోకలో కండ లాగి తినాలి. మార్చి నుంచి మే దాకా మంచి అదను. ఈ క్రాఫిష్ చాలామటుకు వరి చేలల్లో పెరుగుతుంది. కోతలయ్యాక మడికి నీళ్ళు పెట్టి, చలికాలం నుంచి పట్టుకుంటారు.

అపోహ: సముద్రం పక్కనే కాబట్టి రొయ్యలన్నీ అక్కడివే.

వాస్తవం: ఇటీవలి సంవత్సరాల్లో అమెరికాకి రొయ్యలు ఎక్కువగా పంపిన దేశం మనదే, దేశంలో ఎక్కువ పెంచేది ఆంధ్రప్రదేశ్. కాబట్టి ఏ మామూలు హోటల్లోనో మీరు కొరికే రొయ్య భీమవరం చెరువులో పుట్టినదైనా ఆశ్చర్యం లేదు. అక్కడి బోటు జాలర్లకి దీని మీద గట్టి ఫిర్యాదే ఉంది. దిగుమతి రొయ్యలో క్రాఫిషో వడ్డిస్తే కస్టమర్‌కి తెలియజేయాలని లూసియానాలో 2019లో చట్టం చేశారు. అక్కడి సముద్రంలో పట్టిన గల్ఫ్ రొయ్యే కావాలంటే మొహమాటపడకుండా అడగండి.

అపోహ: కూరగాయల వంటకం అంటే శాకాహారమే.

వాస్తవం: ఇక్కడ మోసపోయేది మనవాళ్ళే. మన రాజ్మాకి అన్నలాంటి రెడ్ బీన్స్‌లో పంది మాంసమో సాసేజో ఉడుకుతుంది. ఆకుకూరల్లో కూడా అంతే. గంబో జెర్బ్ అని ఆకుకూరల గంబో ఒకటుంది. ట్రెమే పేటలో డూకీ చేజ్ రెస్టారెంట్ నడిపిన లియా చేజ్ ఏటా ఈస్టర్ ముందటి గురువారం దాన్ని వండేవారు. పేరులో ఆకులున్నా లోపల మాంసం ఉండేది. (పౌరహక్కుల ఉద్యమ నాయకులు ఆ హోటల్ మేడ మీదే సమావేశమయ్యేవాళ్ళు. ఒక్క పూట భోజనం అక్కడ చేసినా ఆ ఊరి చరిత్ర సగం తెలిసినట్టే.) శాకాహారులు ‘మీట్ ఉందా’ అని ఊరుకోకుండా ‘స్టాక్ దేనితో చేశారు’ అని అడగాలి. బీఫ్, పోర్క్ తినని వాళ్ళకీ ఇదే మాట.

అపోహ: బోర్బన్ స్ట్రీట్‌కి విస్కీ పేరు పెట్టారు, మార్డి గ్రా పండగంటే ఆ వీధిలో గోలే.

వాస్తవం: పేరు ఫ్రాన్స్‌ని ఏలిన బూర్బన్ రాజవంశానిది. ఇక మార్డి గ్రా పెద్ద ఊరేగింపులు ఆ వీధికి అసలు రావు. ఇరుకు సందుల్లో ప్రమాదమని పెద్ద బండ్లను 1973 నుంచి ఆ వీధి ఉన్న పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్‌లోకి రానివ్వడం లేదు. అవి సాగేది సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద. అక్కడ తల్లిదండ్రులు నిచ్చెన పైమెట్టుకి చెక్కపెట్టె బిగించి, పిల్లల్ని అందులో కూర్చోబెట్టి, బండ్ల మీంచి విసిరే పూసల దండలు పట్టిస్తారు. మన తిరునాళ్ళలో పిల్లల్ని భుజాన ఎక్కించుకున్నట్టే.

అపోహ: ఫ్రెంచ్ క్వార్టర్ ఫ్రెంచివాళ్ళ కట్టడం.

వాస్తవం: ఊరు 1718లో ఫ్రెంచివాళ్ళు వేసిందే. కానీ 1788లో, 1794లో రెండు అగ్నిప్రమాదాలు పాత ఇళ్ళని బుగ్గి చేశాయి. అప్పుడు పాలన స్పెయిన్‌ది. అందుకే తిరిగి కట్టిన ఇళ్ళలో లోపలి ముంగిళ్ళూ గచ్చు గోడలూ స్పెయిన్ బాణీ.

అపోహ: మంచి తిండి కావాలంటే పేరున్న పాత రెస్టారెంట్లకే పోవాలి.

వాస్తవం: 1840 నాటి ఆంట్వాన్స్, 1905 నాటి గాలట్వార్స్ చూడదగ్గవే, డబ్బుంటే. కానీ ఊరికి ప్రాణం చవక తిండిలో ఉంది. 1929లో ట్రామ్ కార్మికులు సమ్మె చేసినప్పుడు, ఒకప్పుడు ట్రామ్‌ల్లో పనిచేసిన మార్టిన్ సోదరులు వాళ్ళకి ఉచితంగా పెట్టిన శాండ్‌విచ్చే పోబాయ్. ‘డ్రెస్డ్’ అని చెబితే లెట్యూస్, టమాటా, ఊరగాయ ముక్కలు, మయోనీజ్ వేసిస్తారు. నగరం తూర్పు చివర వియత్నాం వాళ్ళ బేకరీలున్నాయి. 1975 తర్వాత శరణార్థులుగా వచ్చినవాళ్ళు వాళ్ళు. ఇవాళ మార్డి గ్రా పండగ కేకు కోసం ఊరివాళ్ళే అక్కడ వరసలో నిలబడతారు. ఎండ మండితే హాన్సెన్స్‌లో స్నోబాల్ తినండి. 1939 నుంచీ ఉన్న కొట్టు. మన ఐస్ గోలా లాంటిదే గానీ, మంచు పొట్టు దూదిలా ఉంటుంది.

కాఫీ సంగతి చెప్పకపోతే పాపం. 1862 నాటి కఫే డ్యూ మోండ్‌లో బెన్యేలు (నూనెలో వేయించిన పిండివంట) మూడేసి చొప్పున ఇస్తారు, మీద గుప్పెళ్ళతో చక్కెర పొడి. కొరికేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. తుమ్మొచ్చిందా, ఎదుటివాళ్ళ నల్లచొక్కా తెల్లబడుతుంది. అంతర్యుద్ధం రోజుల్లో రేవు దిగ్బంధమై కాఫీ గింజలు కరువైనప్పుడు చికోరీ కలపడం బాగా పెరిగింది. యుద్ధం పోయింది, చికోరీ మిగిలింది. వేడిపాలు కలిపిన ఆ కప్పు, మన ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళకి ఇంట్లో తాగినట్టే ఉంటుంది.

లూసియానాలో ‘లాన్యాప్’ అనే మాట వింటారు. కొట్టువాడు కొన్నదాని మీద ఊరికే వేసేది. మనం కొసరు అంటాం. ఇదీ నా కొసరు: ఆదివారం రాత్రే కారెక్కేయకండి. ఒకప్పుడు సోమవారం బట్టలుతికే రోజు కాబట్టి, బీన్స్ కుండ పొయ్యి మీద దానంతటది ఉడికేలా పెట్టేవాళ్ళు. ఇప్పటికీ సోమవారమంటే రెడ్ బీన్స్, అన్నం. మధ్యాహ్నం అది తిని బయల్దేరినా రాత్రి భోజనాల వేళకి హ్యూస్టన్ చేరతారు.